అక్కయమ్మ కూర్చునే పడవ

బెంగుళూరు అంచున వర్తూరు చెరువు నురగ కక్కి రోడ్డెక్కిన ఏడాది, ఆ నురగ మీదే పడవ నడుపుకుంటూ బస్‌స్టాపు దాకా వెళ్ళి, కొత్తిమీర కట్ట కొనుక్కుని, మళ్ళీ చెరువులోకి దిగిన మనిషి ఓబళప్ప. నడిరోడ్డు మీద ట్రాఫిక్ పోలీసు ఆపి ఇండికేటర్ ఏదయ్యా అంటే చేతిలోని గడను కుడిపక్కకు చాపి చూపించాడు. హెల్మెట్ ఏదంటే తలగుడ్డ చూపించాడు. వెనకాల ఆగిన బస్సు హారన్ మీద హారన్ కొడితే మర్యాదగా పక్కకు జరిగాడు గానీ, డ్రైవరుతో మాత్రం "నీ బండికి చక్రాలుండాయి కాబట్టి నీకు తొందర. నాకేం తొందరప్పా?" అన్నాడు. ఇది కళ్ళారా చూసినవాళ్ళు వర్తూరులో కావలసినంత మంది ఉన్నారు. చూడనివాళ్ళు ఇంకా బాగా చెబుతారు.

ఓబళప్పది కొత్తగా లేచిన అపార్ట్‌మెంట్ల వర్తూరు కాదు. వాటి పునాదుల కింద పడిపోయిన వర్తూరు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, పడవకు తుప్పు పట్టినప్పుడు రెండూ కలిపి మాట్లాడతాడు. చెరువులోనూ, చెరువుకు నీళ్ళు మోసుకొచ్చే రాజకాలువలోనూ అల్లుకుపోయే గుర్రపుడెక్కను పీకి ఒడ్డుకు చేర్చడం అతని పని. అది మామూలు మొక్క కాదు. పొద్దున పీకి గట్టు మీద వేసి, టీ తాగి వచ్చేలోపు, పీకిన చోటే పిల్లాజెల్లాతో కాపురం పెట్టి కూర్చునే రకం. దానితో తలపడాలంటే పడవ గట్టిదై ఉండాలి. ఓబళప్పది ఇనపరేకు పడవ, చదునైన అడుగు, ఒళ్ళంతా నల్లటి తారు. అతని భార్య అక్కయమ్మ దాన్ని పడవ అనదు. "మా ఎనుము" అంటుంది.

ఎండాకాలం నీళ్ళు వెనక్కి తగ్గగానే ఆ ఎనుమును ట్రాక్టరుకు కట్టి గట్టు మీదికి లాగి, సిమెంటు ఇటుకల మీద బోర్లిస్తారు. అప్పుడు దాని అడుగు చూస్తే ఎవరికైనా రెండు పూటలు అన్నం సయించదు. పాచి, జిగురు, నత్తగుల్లలు, ప్లాస్టిక్ పీలికలు, ఒక ఏడాదైతే ఎవరివో కట్టుడు పళ్ళు. ఓబళప్ప మాత్రం దాని ముందు గొంతుక్కూర్చుని పెళ్ళిచూపుల్లో పిల్లను చూసినట్టు చూస్తాడు. పాచి గీకుతాడు. వైరు బ్రష్షుతో తుప్పు రుద్దుతాడు. ఆ తరువాత అసలు పని మొదలవుతుంది. చిన్న సుత్తి తీసుకుని, చెవి ఇనుముకు ఆనించి, జానకొక చోట తట్టుకుంటూ పోతాడు. రేకు గట్టిగా ఉంటే ఖంగుమంటుంది. లోపల తుప్పు తినేసి ఉంటే పచ్చికుండను తట్టినట్టు బొద్దుమంటుంది. బొద్దుమన్న చోటల్లా సుద్దముక్కతో సున్నా చుట్టి, వెల్డింగ్ మనిషిని పిలిపించి కొత్తరేకు అతికిస్తాడు. దాని మీద రెడ్డాక్సైడు, దాని మీద కాచిన తారు.

ఆ చెవి అంతటి చెవి. ఒకసారి పుచ్చకాయ కొనిపెట్టమని అక్కయమ్మ సంతకు తీసుకెళ్తే, కాయలన్నీ తట్టి చూశాక చెయ్యి ఊరుకోక, అమ్మేవాడి వీపు మీద కూడా ఒక దెబ్బ తట్టి, చెవి పెట్టి విని, "నీకు లోపల కఫం ఉండాది, చూపించుకోప్పా" అన్నాడు. చూపించుకుంటే ఉన్నమాటే. ఆ పుచ్చకాయలవాడు ఇప్పటికీ ఓబళప్ప కనిపిస్తే వీపు చూపించి నిలబడతాడు.

ఇంతటివాడికి జబ్బు ఒక్కటే. కుళ్ళు.

పక్కింటివాళ్ళ నీళ్ళ ట్యాంకు తమ ట్యాంకు కన్నా ఎత్తులో ఉందని, దాన్ని చూడకుండా ఉండటానికి ఏడాదిపాటు తలొంచుకుని నడిచినవాడు ఓబళప్ప. ఆ ఏడాది జనం అతన్ని చాలా వినయవంతుడనుకున్నారు. ఎదురింటాయనకు షుగరొచ్చిందని అందరూ వెళ్ళి పలకరించి వస్తుంటే ఓర్చుకోలేక, తనకూ ఉండే ఉంటుందని ఆసుపత్రికి పోయి రక్తమిచ్చాడు. లేదని రిపోర్టు వస్తే డాక్టరు మీద అలిగాడు. అయితే ఇవన్నీ పైపై మంటలు. లోపలికంటా కాల్చింది మాత్రం మునీంద్ర.

మునీంద్ర అక్కయమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. నగర్తపేటలో దుకాణాల షట్టర్లకూ ఆటోలకూ స్ప్రేగన్నుతో రంగులు కొట్టేవాడు. కిందటేడు ఎక్కడో హొసకోటె దిక్కున పాత ఇనపపడవ ఒకటి దొరికితే కొనుక్కుని, నేరుగా వర్తూరు గట్టు మీదికి తెచ్చి దించాడు.

"బావా, ఇంగ నేనూ నీ పక్కనే. కాలువ ఆ పక్క నువ్వు పీకు, ఈ పక్క నేను పీకుతా" అన్నాడు.

"చెరువేమన్నా మా అబ్బ సొత్తా? పీక్కో" అన్నాడు ఓబళప్ప. అంటూనే మెడలో తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. ముఖాన చెమట లేదు.

ఈ ఎండాకాలం రెండు పడవలూ పక్కపక్కనే గట్టెక్కి బోర్లా పడుకున్నాయి. ఓబళప్ప పాచి గీకడం పూర్తికాకముందే మునీంద్ర పడవ ముస్తాబైపోయింది. తుప్పు మీద తుప్పుండగానే సొట్టలకు పుట్టీ మెత్తాడు, గరుకు కాగితంతో నున్నగా రుద్దాడు, స్ప్రేగన్ను ఎత్తాడు. నీలం! అది ఎలాంటి నీలమంటే, మీదుగా ఎగురుతున్న కొంగలు ఇక్కడ ఇంకో ఆకాశం ఉందనుకుని తలకిందులుగా ఎగరడం మొదలుపెట్టాయి. అంచున పసుపు గీత, ముక్కు దగ్గర రెండు తామరపూలు, వాటి మధ్య వంకీలు తిరిగిన అక్షరాలతో గంగమ్మ తల్లి పేరు. పొద్దున్నే చెరువు చుట్టూ నడిచే అపార్ట్‌మెంట్ల జనం ఆగి ఆ పడవ పక్కన ఫొటోలు దిగసాగారు. ఒకావిడ ఓబళప్ప దగ్గరికి వచ్చి చాలా మర్యాదగా, "అంకుల్, మీరు కొంచెం పక్కకు జరుగుతారా? ఫొటోలో మీ పడవ పడుతోంది" అంది.

ఓబళప్ప జరిగాడు. పడవ మాత్రం జరగలేదు. బోర్లా పడుకున్న ఇనప ఎనుమును జరపడం ఎవరి తరం!

ఓబళప్ప తన పడవకు తారు పూయడం ముగించిన మధ్యాహ్నం అక్కయమ్మ రాగిముద్ద, ఆకుకూరల సొప్పుసారు తెచ్చింది. గట్టెక్కుతూనే నీలం పడవ ముందు ఆగిపోయి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అబ్బబ్బ! ఎంత చన్నాగుందిరా మునీంద్రా! ముట్టుకుంటే మాసిపోతాదేమో అన్నట్టుండాది."

"ముట్టుకోక్కా, ఆరిపోయింది."

ఆమె ముట్టుకుంది. తామరపువ్వును వేలితో నిమిరింది. తన పడవను అక్కయమ్మ చేత్తో నిమిరిన సందర్భం ఏదైనా ఉందా అని ఓబళప్ప పెళ్ళినాటి నుంచి వెతుక్కుంటూ వచ్చాడు. ఒక్కటి దొరికింది. అప్పుడు ఆమె చేతికంటిన తారును దానికి తుడుచుకుంది. ఈలోపు ఆమె మొదటి ముద్ద తమ్ముడి పళ్ళెంలో వేసింది. పెద్ద ముద్ద. ఓబళప్ప పళ్ళెంలో పడిన ముద్ద కూడా అంతే ఉంది గానీ, అతని కంటికి నిమ్మకాయంత కనిపించింది.

ఆ సాయంత్రమే ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి నగర్తపేటకు పోయాడు. రంగుల దుకాణంలో నిలబడి, "నీలం ఇయ్యప్పా" అన్నాడు.

"ఏ నీలం?"

"మునీంద్ర కొనిండే నీలానికన్నా నీలం."

దుకాణదారు అతన్ని ఎగాదిగా చూసి, ఉన్నవాటిలో చిక్కటిది తీసిచ్చాడు. తెల్లారి, తారు పూసి ఇంకా పచ్చివాసన పోని పడవ మీద ఓబళప్ప ఆ నీలాన్ని రెండు చేతులా పట్టించాడు. జన్మంతా రెడ్డాక్సైడూ తారూ తప్ప వేరే రంగు ముట్టని చెయ్యి అది. తారు మీద తారు వేస్తే ఏమీ కాదని తెలుసు. తారు మీద రంగు వేస్తే ఏమవుతుందో తెలుసుకోవలసిన అవసరం అతనికి ఎన్నడూ రాలేదు. రంగుల్లో పుట్టిపెరిగిన బామ్మర్ది పక్కనే ఉన్నాడు, అడిగితే చెప్పేవాడు. వాణ్ణి అడగడమా! దానికన్నా గుర్రపుడెక్కను కూర వండుకు తినడం మేలనుకున్నాడు.

రంగు పూసిన పూట బాగానే ఉంది. ఓబళప్ప వెనక్కి నడిచి చూసుకున్నాడు, పక్కకు నడిచి చూసుకున్నాడు, కాలువ అవతలికి పోయి కూడా చూసుకున్నాడు. ఎండ నెత్తికెక్కింది. కింద తారు కరిగి, నీలాన్ని చీల్చుకుని పైకి ఊరడం మొదలుపెట్టింది. ముందు ఒక గోధుమరంగు చుక్క. ఆపైన గుప్పెడు చుక్కలు. మధ్యాహ్నానికి పడవకు ఒళ్ళంతా అమ్మవారు పోసినట్టయింది.

గట్టు మీద టీకొట్టు పెట్టుకున్న పిల్లమ్మ వచ్చి చుట్టూ తిరిగి చూసింది. "ఏమప్పా ఓబళప్పా, పడవకు వేపాకు కట్టలేదే?" అంది. టీకొట్టు దగ్గరున్న జనం గ్లాసులు కింద పెట్టి మరీ నవ్వారు. మునీంద్ర ఒక్కడే నవ్వలేదు. "తారు మీద ఎనామిలు నిలబడదు బావా, నన్ను ఒక్క మాట అడిగుంటే…" అన్నాడు. నవ్వి ఉంటే ఓబళప్ప ఓర్చుకునేవాడు.

అప్పుడు వచ్చింది అక్కయమ్మ. చూసింది. నవ్వు ఆపుకోలేక అక్కడే కూలబడింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, లేచి, పిడుగులాంటి మాట అంది.

"ఏమయ్యా, ఈసారి నేను నా తమ్ముని పడవలో కూర్చుంటా."

ఆ మాట ఎందుకు పిడుగో చెప్పుకోవాలి. ఆ గట్టు మీద పడవలవాళ్ళకు ఒక ఆచారం ఉంది. అడుగు బాగుచేసి రంగు పూసిన పడవ మళ్ళీ నీళ్ళలోకి దిగే రోజున, ఆ ఇంటి ఆడమనిషి పడవ ముక్కుకు పసుపూకుంకుమా పెట్టి, హారతి పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని ముందు పలక మీద కూర్చుంటుంది. మగవాడు గడ వేసి కాలువ మూతి దాకా తీసుకెళ్ళి తీసుకొస్తాడు. ఆమె కూర్చున్న పడవకే ఆ ఏడు గంగమ్మ తోడుంటుందని నమ్మకం. కొత్తకోడలుగా వచ్చిన ఏడు మొదలు ఒక్క ఏడైనా తప్పకుండా అక్కయమ్మ ఓబళప్ప పడవలోనే కూర్చుంది. ఒకసారి చలిజ్వరంతో కూడా దుప్పటి కప్పుకుని కూర్చుంది. ఓబళప్ప జీవితంలో ఎవరి మీదా కుళ్ళుకోకుండా గడిపే రోజు ఏడాదికి అదొక్కటే. ఆ రోజు ముందు పలక మీద ఆమె వీపు, కొప్పులో కనకాంబరాలు, వెనక గడ పట్టుకుని తాను. లోకంలో ఉన్న నీళ్ళ ట్యాంకులన్నీ ఎంత ఎత్తునైనా ఉండనీ అనిపించే రోజు.

"నీ తమ్మునికి పెండ్లాము లేదా? ఆయమ్మ కూర్చోనీ" అన్నాడు ఓబళప్ప.

"స్వప్నకు ఎలక్ట్రానిక్ సిటీలో రేపటికి లీవు ఇచ్చేది లేదంట. పాపం, వాడు పడవ బాగుచేసి దించేది ఇదే మొదలు. ఆడమనిషి లేకుండా ఎట్ల దించుతాడు?"

"మరి నా పడవ?"

"నీదానికి ముందు అమ్మవారు దిగనీ, అప్పుడు కూర్చుంటా" అని మళ్ళీ నవ్వు అందుకుంది.

ఒక మనిషి రెండు పడవల్లో ముందు కూర్చోవడం కుదరదు. ముందు అన్నది ఒక్కటే. ఆ పూట ఓబళప్ప కొలిమిలో వేసిన ఇనుములా కాలుతూ తిరిగాడు. పొద్దు వాలి, మునీంద్ర రంగుల డబ్బాలు సర్దుకుని వెళ్ళిపోయాక, గట్టు మీద ఎవరూ లేకుండా చూసుకుని, సుత్తి తీసుకుని నీలం పడవ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఎక్కడో ఒకచోట లోపం ఉండితీరాలి. చెవి ఆనించి మెల్లగా తట్టాడు. ఖంగు. జానెడు జరిగి తట్టాడు. ఖంగు. వెనకంతా ఖంగు, నడుమంతా ఖంగు. ప్రతి ఖంగూ అతని గుండెలో దిగబడింది. ఇంక చాలు, పోదామనుకుంటూ చివరికి ముక్కు దగ్గరికి వచ్చి, ఆ తామరపూల వెనక తట్టాడు.

బొద్దు.

మళ్ళీ తట్టాడు. బొద్దు. అరచెయ్యంత మేర, పైన నున్నటి పుట్టీ, మెరిసే నీలం, లోపల అప్పడంలాంటి రేకు. ఓబళప్ప ముఖం వెలిగింది చూడండి, చెరువు అవతలి ఒడ్డున లైట్లు వేసుకోబోయిన అపార్ట్‌మెంట్లవాళ్ళు అవసరం లేదని స్విచ్చి దగ్గర చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

ఇంటికి సగం దారి వచ్చాక ఆ వెలుగు తగ్గింది. ఆ బొద్దుమన్న చోటు సరిగ్గా ముందు పలక కిందే ఉంది. ఆ పలక మీద రేపు కూర్చోబోయేది అక్కయమ్మ.

ఇంటికొచ్చి చెప్పాడు. "వాని పడవ ముక్కు కాడ రేకు చచ్చిపోయుండాది. నువ్వు కూర్చుంటే ఉండేది గాదు."

అక్కయమ్మ బియ్యం ఏరుతున్నదల్లా తలెత్తింది. "నీకెట్ల తెలుసు?"

"తట్టి చూసినా."

"ఎవరూ లేనప్పుడు దొంగతనంగా పోయి తట్టి చూసినావా?"

ఓబళప్ప చేతిలోని సుత్తిని వీపు వెనక్కి దాచుకున్నాడు.

"కుళ్ళు నీకు. ఒళ్ళంతా కుళ్ళు. నా తమ్ముడు బాగుపడితే నీ కంట్లో కారం పడుతుంది. రేపు కూర్చునేది కూర్చునేదే. సుమ్నే నోరు మూసుకోని పడుకో పో."

పడుకున్నాడు. కళ్ళు మూసుకుంటే రెండు బొమ్మలు కనిపించాయి. ఒకదానిలో అక్కయమ్మ నీళ్ళలో పడి, తడిసి, హారతి పళ్ళెం కోసం తడుముకుంటోంది. ఇంకోదానిలో అక్కయమ్మ ఏమీ కాకుండా, తామరపూల వెనక దర్జాగా కూర్చుని నవ్వుతూ పోతోంది. రెండింటిలో ఏది ఎక్కువ బాధ పెడుతోందో అతనికి తెలుసు. ఎవరైనా అడిగితే చెప్పుకోదగ్గ సంగతి మాత్రం కాదు.

పొద్దున రెండు పడవలనూ వెల్లకిలా తిప్పి నీటి అంచుకు చేర్చారు. టీకొట్టు జనమంతా గట్టు మీద చేరారు. అక్కయమ్మ పట్టుచీర కట్టుకుని, కొప్పులో కనకాంబరాలు పెట్టుకుని, పళ్ళెంతో వచ్చింది. మచ్చల పడవ వైపు చూడనైనా చూడకుండా నీలం పడవ ముక్కుకు పసుపు రాసింది, కుంకుమ పెట్టింది. మునీంద్ర చెయ్యి అందించాడు. ఆమె ఒక కాలు ఎత్తింది.

"ఏమే, ఆగు" అన్నాడు ఓబళప్ప.

ఆమె ఆగలేదు. అతను నడిచి వచ్చాడు. చిన్న సుత్తి కాదు, వెల్డింగ్ మనిషి వదిలిపోయిన పెద్ద సుత్తి చేతిలో ఉంది. మునీంద్ర "బావా, ఏం జేస్తావు? బావా!" అంటుండగానే తామరపూల మధ్య, గంగమ్మ పేరు పక్కన, కొట్టాడు.

ఆ చప్పుడుకు చెరువులో గుర్రపుడెక్క అంతా తనంతట తానే వేళ్ళతో లేచి ఒడ్డుకు వచ్చి నిలబడిందని అంటారు. అది ఎట్లున్నా, సుత్తి మాత్రం పిడి దాకా లోపలికి పోయింది. బయటికి లాగితే పుట్టీ పెళ్ళలూ, ఎర్రటి తుప్పు పొడీ జలజలా రాలాయి. పడిన చిల్లులోంచి అవతలున్న పిల్లమ్మ ముఖం కనిపించింది.

మునీంద్ర ముందు బావ గొంతు పట్టుకోవడానికే వచ్చాడు. వచ్చి, చిల్లు చూశాడు. అంచును బొటనవేలితో నొక్కాడు. బిస్కట్టు విరిగినట్టు విరిగింది. ఇంకొంచెం నొక్కాడు, ఇంకొంచెం విరిగింది. అక్క ఎత్తిన కాలు వైపు చూశాడు. చొక్కా అంచుతో కళ్ళు తుడుచుకున్నాడు.

అక్కయమ్మ ఎత్తిన కాలు దించింది. చిల్లు వంకా, మొగుడి వంకా, సుత్తి వంకా చూసింది. పళ్ళెం పట్టుకుని మచ్చల పడవ దగ్గరికి నడిచి, ఆ అమ్మవారు పోసిన ముక్కుకు పసుపు రాసింది, కుంకుమ పెట్టింది, ఎక్కి ముందు పలక మీద కూర్చుంది. ఓబళప్పకు ఒక్క క్షణం భూమ్మీద కాలు ఆనలేదు. గడ అందుకున్నాడు.

"తమ్ముడూ, నువ్వూ రా. నా పక్కన కూర్చో" అంది అక్కయమ్మ.

మునీంద్ర వచ్చి కూర్చున్నాడు. అక్క తమ్ముడి తల నిమురుతూ, "ఏడవద్దురా, బావ చెవి పెట్టి వింటాడు, మొత్తం బాగుచేయిద్దాం" అంటుండగా, వెనక ఓబళప్ప పళ్ళు బిగించి ఇద్దరినీ కాలువ మూతి దాకా మోసుకెళ్ళి, మోసుకొచ్చాడు. ఒక్క చుక్క నీరు లోపలికి రాలేదు.

ఇప్పుడు టీకొట్టు దగ్గర ఎవరు కొత్తగా వచ్చినా పిల్లమ్మ ఆ కథ చెబుతుంది. పాలు పొంగే లోపు మొదలుపెట్టి, టీ వడపోసేలోపు ముగిస్తుంది. "పెండ్లాము మీద పాణాలు పెట్టుకున్నోడప్పా ఓబళప్ప. ఆయమ్మ మునిగి సచ్చిపోతాదని, సొంత బామ్మర్ది పడవని కూడా చూడలేదు, గుండె రాయి చేసుకోని కొట్టినాడు. ఇట్లాంటి మొగుడు ఈ బెంగుళూరులో ఇంకొకడు ఉండాడేమో చూపించు!"

ఒకరోజు ఆ మాట విని, బల్ల చివర టీ తాగుతున్న ఓబళప్ప గ్లాసు కింద పెట్టాడు.

"మునిగేదేమీ లేదు. ఆడ నీళ్ళు మోకాటి లోతే. వాని పడవలో కూర్చుంటానన్నందుకు కొట్టినా. రేకు గట్టిగా ఉన్నా కొట్టేవాణ్ణే."